విడిచిన చేయి: అడవి పట్టిన పెంపుడు జంతువుల విషయంలో బౌద్ధ గ్రంథాల సాక్ష్యం

వీథికుక్కలను గాని, మనిషి పోషణ తప్పి అడవి పట్టిన పశువులను గాని ఏమి చేయాలన్న చర్చ ఎక్కడ తలెత్తినా, బౌద్ధం పేరిట మొదట వినిపించేది ప్రథమ శీలం. ప్రాణాతిపాతం నుండి విరమణ అన్న ఆ ఒక్క మాటతో బౌద్ధం చెప్పవలసినది ముగిసిందని చాలామంది భావిస్తారు. చంపరాదనే పక్షం ఆ మాటను కవచంగా తొడుగుకొంటుంది. చంపక తప్పదనే పక్షం దానిని ఆచరణకు అందని ఆదర్శమని గౌరవంగానే పక్కకు జరుపుతుంది. ఇరుపక్షాలూ గ్రంథాలను తెరచి చూడడం మాత్రం అరుదు. తెరచి చూస్తే, మనిషి చేతి నుండి జారి తిరిగే జంతువు వాటికి కొత్త కాదని తెలుస్తుంది. ఒక జాతకంలో, అశోకుని ఒక శాసనంలో, వినయపిటకంలోని ఒక తీర్పులో, ఒక మహాయాన సూత్రంలోని ఒక కథలో ఆ జంతువో దాని సమస్యో ఎదురవుతుంది. ఈ నాలుగింటిని ఒకచోట ఉంచి చదివినప్పుడు, చంపాలా వద్దా అన్నదాని కంటే ముందు మరొక ప్రశ్న పైకి వస్తుంది: ఆ జంతువును ఆ స్థితికి తెచ్చినదెవరు?

ఈ ప్రశ్న నేడు అత్యంత తీవ్రంగా నిలిచిన చోటు లద్దాఖ్ తూర్పు భాగాన ఉన్న చాంగ్‌థాంగ్ పీఠభూమి. సముద్రమట్టానికి 4,000 మీటర్లకు పైన, త్సో కర్, హాన్లే వంటి చిత్తడి నేలలలో నల్లమెడ క్రౌంచపక్షి వేసవిలో గూడు కడుతుంది. భారతదేశంలో అది గుడ్లు పెట్టి పిల్లలను చేసే ప్రధాన స్థలం అదే. సాధారణంగా పెట్టేది రెండు గుడ్లు. పొదిగిన పిల్లలు కొద్దికాలానికే గూడు దిగి నడుస్తాయి గాని, రెక్కలు వచ్చి ఎగరడానికి మూడు నెలల వరకు పడుతుంది. ఆ మూడు నెలలూ నేలపై తిరిగే ఏ వేటజంతువుకైనా అవి సులభంగా చిక్కుతాయి. తోడేలు, నక్క అక్కడ ఎప్పటినుండో ఉన్నవే. ఇటీవలి దశాబ్దాలలో గుంపులుగా పెరిగినది కుక్క. గూళ్ళ దగ్గర గుడ్లకూ పిల్లలకూ కుక్కల వలన కలిగే ముప్పును పక్షిశాస్త్రజ్ఞులు పదేపదే నమోదు చేశారు. కుక్కల దాడిలో మనుషులు మరణించిన ఘటనలు కూడా లద్దాఖ్‌లో ఉన్నాయి. హిమాలయ బౌద్ధులకు ఆ క్రౌంచం పవిత్రం. కేంద్రపాలిత ప్రాంతంగా ఏర్పడిన లద్దాఖ్ 2021లో దానిని తన పక్షిగా ప్రకటించుకొన్నది. గోన్పా వాకిట కుక్కకు ఇంత సత్తుపిండి ముద్ద వేయడమూ అక్కడి ధర్మమే. రెండు భక్తులు ఒకే చిత్తడి నేలలో ఎదురుపడ్డాయి.

కుక్క గురించి పాలి వాఙ్మయం ఏమంటుందో అడిగితే, వెంటనే స్ఫురించవలసినది జాతకాలలో ఇరవై రెండవదైన కుక్కుర జాతకం. వారణాసి రాజు ఉద్యానం నుండి తిరిగివచ్చాక రథాన్ని తోలుపట్టెలతో సహా ప్రాంగణంలోనే వదిలివేస్తారు. రాత్రి వాన కురుస్తుంది, తోలు నానుతుంది. కోటలోపల పెరిగే మేలుజాతి కుక్కలు వచ్చి దానిని కొరికి తింటాయి. మర్నాడు సేవకులు, బయటి కుక్కలు నీటికాలువ దారిన చొరబడి తిన్నాయని విన్నవిస్తారు. కనబడిన కుక్కనల్లా చంపమని రాజాజ్ఞ వెలువడుతుంది. శ్మశానంలో పెద్ద గుంపుతో నివసించే కుక్కగా ఆ జన్మలో ఉన్న బోధిసత్త్వుడు తనవారి చావును చూసి, మైత్రీభావన తప్ప మరే రక్షణా లేకుండా ఒంటరిగా నగరం దాటి, న్యాయసభలో రాజు ఆసనం కిందికి చేరుతాడు.

ఆ తరువాతి సంభాషణే ఈ జాతకానికి ప్రాణం. సాధారణ పాఠకుడు అక్కడ కరుణకై వేడికోలును ఆశిస్తాడు. కథకుడు మాత్రం కుక్క చేత విచారణ చేయిస్తాడు. నేరమేమిటి? చేసిన కుక్కలను చూసినవారున్నారా? అన్ని కుక్కలనూ చంపుతున్నారా, కొన్నింటికి మినహాయింపు ఉన్నదా? కోటలోని కుక్కలకు మినహాయింపు ఉన్నదని రాజే ఒప్పుకొంటాడు. అప్పుడు బోధిసత్త్వుడు ఛందం, ద్వేషం, మోహం, భయం అనే నాలుగు అగతులను, అనగా తీర్పరిని దారి తప్పించే నాలుగు దోషాలను, ఎత్తి చూపుతాడు. మజ్జిగలో దర్భగడ్డి నలిపి కోటకుక్కలకు తాగించమంటాడు. అవి తోలుముక్కలను కక్కుతాయి. నేరం ఇంటిలోపలిదని, శిక్ష వీథిలోనిదని తేలిపోతుంది.

ఈ కథను జంతుదయకు ఉదాహరణగా చెప్పుకొనే అలవాటు దాని పదునును మొద్దుబార్చింది. దీనిలోని పరిభాష దండనీతికి చెందినది. కుక్క తన జాతికి ప్రాణభిక్ష కోరలేదు. సాక్ష్యం అడిగింది, సమత అడిగింది, చివరకు ఒక పరీక్షను ప్రతిపాదించింది. వాన రాత్రి తోలుసామానును బయట వదిలిన సేవకుల అలసత్వం కథలో మొదటి వాక్యాలలోనే ఉన్నా, ఎవరూ దాని ప్రస్తావన తేరు. అపరాధం పుట్టిన చోటు అదే కాబట్టి శ్రద్ధగల పాఠకుడు దానిని విస్మరించరాదు.

చాంగ్‌థాంగ్‌కు ఈ కథను అన్వయిస్తే కొంతదూరం అది అద్భుతంగా సరిపోతుంది. అక్కడి సంచార పశుపాలకుల కుక్కలు తరతరాలుగా మందలను కాచినవే, వాటి సంఖ్యకు పోషణవలననే ఒక హద్దు ఉండేది. 1962 తరువాత విస్తరించిన సైనిక శిబిరాలు, 1974లో లద్దాఖ్ పర్యాటకులకు తెరచిన తరువాత పెరిగిన విడుదులు, హోటళ్ళు, వాటి వంటశాలల వెనుక పోగుపడే ఎంగిలి, మాంసపు వ్యర్థం ఆ హద్దును చెరిపివేశాయి. వేసవిలో ఎంగిలిపై పెరిగిన కుక్కలు శీతకాలంలో విడుదులు మూతపడగానే ఆకలితో బయలులోకి చెదురుతాయి. జాతకం మాటలో చెప్పాలంటే తోలుసామాను ఇక్కడ ప్రతి రాత్రీ బయటే ఉంటున్నది. శిబిరపు వంటశాల కోటలోపలిది, క్రౌంచపు గూడు దగ్గర కనిపించే బక్క కుక్క శ్మశానానిది. ఆజ్ఞ మాత్రం ఎప్పుడూ రెండవదానిపైనే వెలువడుతుంది.

అయితే ఇంతటితో జాతకం ఆగిపోతుందని కూడా చెప్పాలి. ఆ కథలో నష్టపోయినది తోలు. అసలు దోషులు తేలగానే సమస్య పరిష్కారమవుతుంది, ఎందుకంటే శ్మశానపు కుక్కలు నిజంగా ఏమీ చేయలేదు. చిత్తడి నేలలో కుక్క నోట పడేది ప్రాణమున్న పిల్ల. కుక్కకు దోషం లేదు, ఆకలి ఉన్నది. క్రౌంచానికీ దోషం లేదు. నిర్దోషులిద్దరి మధ్య తీర్పు చెప్పే పని జాతకకర్తకు పడలేదు. పైగా కథ ముగింపులో రాజు చేసే పని నేటి పాఠకుణ్ణి కొంచెం ఇబ్బంది పెడుతుంది. సర్వప్రాణులకు అభయమిచ్చి, తాను తినే భోజనం వంటిదే కుక్కలన్నింటికీ నిత్యం పెట్టే ఏర్పాటు చేస్తాడు. నగరంలోని కుక్కలకు లెక్కలేని అన్నం పెట్టి, పుట్టే పిల్లలను గురించి ఆలోచించకపోతే పది సంవత్సరాలలో ఏమవుతుందో లేహ్ పట్టణానికి తెలుసు. న్యాయసభలో అంత సూక్ష్మంగా ప్రశ్నించిన కథ, దానం దగ్గరికి వచ్చేసరికి ప్రశ్నించడం మానుకొన్నది. 2025 ఆగస్టు 11న ఢిల్లీ పరిసరాల వీథికుక్కలన్నింటినీ ఆశ్రయాలకు తరలించమని ఆదేశించిన సర్వోన్నత న్యాయస్థానం, అదే నెల 22న దానిని సవరిస్తూ, ఆహారం నిర్ణీత స్థలాలలోనే పెట్టాలన్నది. ఆ షరతు జాతకపు ముగింపులో లోపించిన వాక్యం లాంటిది.

భూటాన్ ఆ వాక్యాన్ని తనదైన రీతిలో పూరించింది. కుక్క మరుజన్మలో మనిషిగా పుట్టగలదనే లోకవిశ్వాసం బలంగా ఉన్న ఆ వజ్రయాన రాజ్యంలో చంపడం ఎన్నడూ ఆమోదయోగ్యం కాలేదు. 2009లో మొదలైన సంతాననిరోధక శస్త్రచికిత్సల కార్యక్రమం 2021 నుండి దేశవ్యాప్తంగా వేగం పుంజుకొని, వీథికుక్కలన్నింటికీ చికిత్స పూర్తయినట్లు 2023 అక్టోబరులో ప్రకటన వెలువడింది. మొత్తం సంఖ్య 1,50,000కు పైగా. ఆ దేశంలోనే ఫోబ్జిఖా లోయలోని గాంగ్‌తే గోన్పా ప్రాంగణంలో 1998 నుండి ఏటా నవంబరు 11న క్రౌంచోత్సవం జరుగుతున్నది. టిబెట్ నుండి చలికాలానికి దిగివచ్చే పక్షులు ఆ గోన్పాకు ప్రదక్షిణం చేస్తాయని స్థానికుల నమ్మకం. కుక్కనూ క్రౌంచాన్నీ ఒకే సంఘం ఇలా చూసుకోవడం గొప్ప విషయమే. కాని బౌద్ధశాస్త్ర విమర్శకునికి ఇక్కడ ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. ప్రాణం తీయకుండా ప్రజననశక్తిని తీయడం గ్రంథాల దృష్టిలో ఎటువంటి పని? దీనికి సూటిగా సంబంధించిన ప్రాచీన సాక్ష్యం పిటకాలలో కంటె రాతిపై ఎక్కువ స్పష్టంగా ఉంది.

అశోకుని ఐదవ స్తంభశాసనం అభిషేకానంతరం ఇరవై ఆరు సంవత్సరాలకు వేయించినది. ఢిల్లీ-తోప్రా, ఢిల్లీ-మీరట్, ప్రయాగ, లౌరియా అరరాజ్, లౌరియా నందన్‌గఢ్, రాంపూర్వా స్తంభాలపై దాని పాఠాలున్నాయి. దీనిని ప్రపంచపు తొలి వన్యప్రాణి చట్టమని ప్రశంసించడం ఒక ఆచారంగా మారింది. ప్రశంసించేవారు సాధారణంగా చిలుక, గోరువంక, హంస, గబ్బిలం, తాబేలు అని కొన్ని పేర్లు చెప్పి ఊరుకొంటారు. జాబితాను చివరిదాకా చదివితే అందులో రెండు వింత పేర్లు తగులుతాయి. ఒకటి గామకపోతం, అంటే ఊరపావురం. తెల్లపావురాన్ని వేరుగా పేర్కొన్న వెంటనే దీనిని పేర్కొన్నారు. రెండవది సండకం. విడిచిపెట్టిన ఆబోతు అని చాలామంది వ్యాఖ్యాతలు దీనికి అర్థం చెప్పారు.

తెలుగువారికి ఈ రెండవ పేరు వ్యాఖ్యానం లేకుండానే అర్థం కావాలి. అచ్చుబోసిన ఆంబోతు అనే జాతీయం అదే ఆచారపు శేషం. దేవుని పేరనో, గతించినవారి పేరనో కోడెకు ముద్ర వేసి ఊరి మీదికి వదలడం, అది ఎవరి చేలో పడినా ఎవరూ కొట్టకపోవడం, ఆ స్వేచ్ఛను చూసి విసిగిన రైతు నోట ఆ మాట తిట్టుగా మారడం. పుణ్యం విడిచినవానిది, నష్టం చేనుగలవానిది. సండకానికి అభయమిచ్చిన శాసనం ఈ రెండవ సగం గురించి ఏమీ అనదు. మగధలోని రైతులు దానిని ఎలా భరించారో శాసనం చెప్పకపోయినా, తెలుగు జాతీయం కొంత చెబుతున్నది. ఏమైనా, అడవి మృగాలూ ఊరి పశువులూ అన్న రెండు గుంపుల మధ్యలో మూడవ గుంపు ఒకటున్నదని, దానికి కూడా రాజు బాధ్యత వహించాలని క్రీస్తుపూర్వం మూడవ శతాబ్దంలోనే ఒక పాలనాపత్రం గుర్తించింది. ఆధునిక చట్టం ఆ గుర్తింపుకు ఇప్పటికీ తడబడుతూనే ఉన్నది.

శాసనం తరువాతి భాగం మరింత ఆసక్తికరం. అష్టమి, చతుర్దశి, పౌర్ణమి, అమావాస్య తిథులలో, తిష్య పునర్వసు నక్షత్రాల రోజులలో, మూడు చాతుర్మాసీ దినాలలో, పండుగ రోజులలో ఎద్దులకు, మేకపోతులకు, పొట్టేళ్ళకు, పందులకు విత్తుకొట్టరాదు. గుర్రాలకు, ఎడ్లకు వాతలు వేసి గుర్తు పెట్టడానికి కూడా ఇటువంటి నియమమే. అశోకుడు విత్తుకొట్టడాన్ని నిషేధించలేదు; దానిని హింసల కోవలో చేర్చి, పుణ్యదినాలలో మానుకోవలసిన పనిగా నియమించాడు. వ్యవసాయం ఎద్దు లేనిదే సాగదు, ఆబోతును కాడికి కట్టలేరు. ఆ అవసరాన్ని రాజు అంగీకరిస్తూనే, అది నిర్దోషమైన పని అని నటించలేదు. భూటాన్ కార్యక్రమాన్ని, భారతదేశంలో 2001 నాటి నియమాల స్థానంలో వచ్చిన 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలను అహింసామార్గమని పొగిడేవారు ఈ భేదాన్ని గమనించాలి. శస్త్రచికిత్స చంపడం కంటే తక్కువ హింస. హింస కాకపోలేదు. మత్తుమందు, శుభ్రత, గాయం మానేదాకా సంరక్షణ అన్నవి ఖర్చులెక్కల్లో కోసివేయదగిన వివరాలుగా కనిపించే చోట, శాసనంలోని ఆ తిథుల జాబితా ఎందుకున్నదో అర్థమవుతుంది.

శాసనాన్ని ఎంత గౌరవించినా దాని కొలమానం బౌద్ధమనిపించదు. పనికి రాని, తినడానికి వాడని నాలుగుకాళ్ళ జంతువులన్నీ అవధ్యాలని అది అంటుంది. అభయానికి ఆధారం జంతువు బాధ కాదు, మనిషికి దాని నిరుపయోగం. ఈ లెక్కన ఏ పనీ చేయని ఊరకుక్కకు అభయం దొరుకుతుంది, పని చేసే ఎద్దుకు విత్తుకొట్టడం తప్పదు. మరోవైపు, జీవిని జీవితో పోషించరాదన్న నియమమూ అక్కడే ఉంది. పెంపకపు జంతువుకు మరో జంతువును మేతగా వేయవద్దని దాని అభిప్రాయం కావచ్చు. మాంసపు వ్యర్థాన్ని బయట పారవేసి కుక్కల గుంపును పెంచే శిబిరం ఆ నియమాన్ని ఏ మేరకు ఉల్లంఘిస్తున్నదో ఆలోచించదగినది.

తెలుగునేలకు స్తంభశాసనాలు దక్కలేదు గాని, కర్నూలు జిల్లా ఎర్రగుడిలో పద్నాలుగు శిలాశాసనాలున్నాయి. వాటిలో రెండవది ఈ చర్చకు అనుకోని వెలుగునిస్తుంది. మనుషులకు, పశువులకు చికిత్స ఏర్పరచినట్లు, వారికి ఉపకరించే ఓషధులు, వేళ్ళు, పండ్లు ఎక్కడ లేవో అక్కడికి తెప్పించి నాటించినట్లు అశోకుడు అందులో చెప్పుకొంటాడు. ఒక నేల నుండి మరొక నేలకు ప్రాణాన్ని తరలించడం ధర్మకార్యమని పూర్తి ఆత్మవిశ్వాసంతో చెప్పిన రాత అది. తెచ్చి నాటినది ఆ కొత్త నేలలో ఏమవుతుందన్న అనుమానం ఆ కాలానికి లేదు. ఉండవలసిందని నిందించడం అన్యాయం. కాని దయతోనే పరాయి ప్రాణి ప్రవేశించగలదని ఎర్రగుడి బండ సాక్ష్యం చెబుతున్నది.

లాభం కోసం, వినోదం కోసం జరిగిన తరలింపులకు భారతదేశంలో అండమాన్ దీవుల కంటే మంచి ఉదాహరణ లేదు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో బ్రిటిషువారు చుక్కల దుప్పిని అక్కడికి తెచ్చారు. దానిని వేటాడే పులి, చిరుత ఆ దీవులలో లేవు. సన్నని కడవలు ఈది అది దీవి నుండి దీవికి పాకింది, లేత మొక్కలను మేస్తూ అడవి తిరిగి మొలకెత్తకుండా చేసింది. మధ్య అండమానుకు పడమట ఉన్న ఇంటర్వ్యూ దీవి కథ ఇంకా విషాదకరం. కలప వ్యాపారం చేసిన ఒక సంస్థ 1962లో పని ముగించుకొని, దుంగలు లాగిన సుమారు 40 ఏనుగులను అక్కడే వదిలి వెళ్ళిపోయింది. అవి అడవి పట్టాయి. చెట్ల బెరడు ఒలిచాయి. వెదురు, పేము, మొగలిజాతి మొక్కలు తగ్గిపోయాయి. మేత తగ్గినకొద్దీ ఏనుగులూ తగ్గాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి దుప్పి దుప్పే, ఏనుగు ఏనుగే. ఎవరో తెచ్చి విడిచినదన్న భేదం దానికి కనబడదు. సండకానికి వేరే పేరు పెట్టిన శాసనంతో పోల్చినప్పుడు ఇది ఆశ్చర్యం గొలుపుతుంది. ఏనుగుల వలన అడవి పోయిందని నివేదికలు రాస్తాయి. వాక్యానికి కర్త ఏనుగు. వ్యాపారం ముగిసిన రోజున జీతం లేని పనివాళ్ళలా వాటిని వదిలి ఓడ ఎక్కినవారు ఆ వాక్యంలో ఉండరు.

విడిచిపెట్టడాన్నే పుణ్యకార్యంగా చేసే ఆచారం బౌద్ధంలోనే ఉన్నది కాబట్టి, ఈ విమర్శ ఇల్లు దాటి పోవలసిన అవసరం లేదు. చైనీయులు ఫాంగ్‌షెంగ్ అని పిలిచే ప్రాణవిమోచనం తియాన్‌తాయ్ సంప్రదాయకర్త అయిన జియీ కాలం నుండి, అంటే ఆరవ శతాబ్దం నుండి ప్రచారం పొంది, పదహారవ శతాబ్దంలో జూహొంగ్ రచనల వలన సామాన్య ఉపాసకుల ఇళ్ళలోకి చేరింది. చంపబోయే చేపలనూ పక్షులనూ కొని విడిచిపెట్టడం దాని సారం. నేడు ఆ డిమాండు కోసమే పక్షులను పట్టి అమ్మే వ్యాపారం ఆసియా నగరాలలో నడుస్తున్నది. ఎర్రచెవి తాబేలు, అమెరికా ఎద్దుకప్ప వంటివి ఈ పుణ్యం దారిన కూడా పరాయి నీళ్ళలో చేరాయి. 2015లో ఇంగ్లండులోని బ్రైటన్ తీరాన ఒక బౌద్ధ విమోచన కార్యక్రమంలో అమెరికా పీతలను, ఎండ్రకాయలను సముద్రంలో వదిలిన ఇద్దరికి 2017లో అక్కడి న్యాయస్థానం జరిమానా విధించింది.

ఈ ఆచారానికి మూలంగా చెప్పే కథలలో ముఖ్యమైనది సువర్ణప్రభాస సూత్రంలోని జలవాహనుని వృత్తాంతం. దానిని శ్రద్ధగా చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. వైద్యుని కుమారుడైన జలవాహనుడు ఎండిపోతున్న మడుగులో పదివేల చేపలను చూస్తాడు. మొదట కొమ్మలు విరిచి తెచ్చి నీడ కల్పిస్తాడు. తరువాత నీరు ఎందుకు తగ్గిందో కనుక్కోవడానికి నది వెంట పైకి నడుస్తాడు. చేపల కోసమే ఎవడో దుర్మార్గుడు నదిని పక్కకు మళ్ళించాడని తెలుస్తుంది. ఆ గండిని పూడ్చడం ఒక్కడివల్ల కాని పని. అప్పుడు రాజును అడిగి ఇరవై ఏనుగులను తెచ్చి, తోలుసంచులతో నీరు మోయించి మడుగు నింపుతాడు, తన కుమారుల చేత ఆహారం తెప్పించి వేయిస్తాడు. ఈ కథలో చేప ఒక్కటి కూడా చోటు మారదు. పదివేల చేపలను ఎత్తి మరొక నీటిలో పోయడం కథకుని ఊహకు అందనిదేమీ కాదు. ఏనుగులు ఉన్నాయి, సంచులు ఉన్నాయి. చేపను నీటి దగ్గరికి మోయకుండా నీటిని చేప దగ్గరికి మోయించాడు. విమోచన సంప్రదాయం ఈ కథను తలపై పెట్టుకొని దాని పద్ధతిని వదిలివేసింది. లద్దాఖ్, టిబెట్ ప్రాంతాల త్సేథర్ ఆచారమే మూలకథకు దగ్గరగా ఉన్నది: ప్రాణం దక్కించిన యాక్‌కో గొర్రెకో చెవికి రంగుదారం కట్టి అదే మందలో, అదే యజమాని దగ్గర సహజమరణం దాకా ఉంచుతారు.

విడిచేవాని సంకల్పం మంచిదైతే చాలదా అని భిక్షువులు అడగవచ్చు. వినయపిటకంలో దీనికి ఆధారం ఉన్నట్లే కనిపిస్తుంది. రెండవ పారాజికానికి చేర్చిన తీర్పులలో, ఉచ్చులో పడిన పందిని ఒక భిక్షువు కరుణతో విడిపించిన ఘటన వస్తుంది. కరుణతో చేసినవానికి ఆపత్తి లేదని తీర్పు. దొంగిలించే బుద్ధితో చేసినవానికి పారాజికం. లేడి, చేపల విషయంలో కూడా ఇటువంటి తీర్పులే ఉన్నాయి. ఇది గొప్ప తీర్పు. కాని ఇది దేనిని గురించిన తీర్పు అన్నది ముఖ్యం. భిక్షువు సంఘంలో నిలుస్తాడా లేదా అన్నదే అక్కడ విచారణ. ఉచ్చు పెట్టినవాని జీవిక ఏమైంది, విడిపోయిన పంది ఎవరి పొలంలో పడింది అన్నవి ఆ విచారణ పరిధిలో లేవు. వినయం వ్యక్తి శుద్ధిని కొలిచే త్రాసు. దానిలో ఒక చిత్తడి నేలను తూచడానికి ప్రయత్నిస్తే సూచిక కదలదు. సంకల్పశుద్ధిని విధానానికి బదులుగా ఉంచేవారు ఈ తీర్పును మోయగలిగిన దానికంటే ఎక్కువ బరువు మోయమంటున్నారు.

జర్మన్ పండితుడు లాంబెర్ట్ ష్మిత్‌హౌజెన్ 1991లో ప్రచురించిన బౌద్ధం-ప్రకృతి ఉపన్యాసం ఇక్కడ తప్పక గుర్తుకు రావాలి. ప్రాచీన బౌద్ధం దయ చూపేది బాధపడే ఒక్కొక్క ప్రాణికి. జాతికి, జీవవైవిధ్యానికి దానిలో స్వతస్సిద్ధమైన విలువ లేదని ఆయన మొహమాటం లేకుండా చెప్పారు. ఆధునిక పర్యావరణవాదాన్ని పిటకాలలోకి చొప్పించే ధోరణికి అది ఆరోగ్యకరమైన అడ్డుకట్ట. అరుదైన జాతి కనుక క్రౌంచం ప్రాణం ఎక్కువ, కుక్క ప్రాణం తక్కువ అని చెప్పడానికి పాలి గ్రంథం ఏదీ సాయం రాదు. ఐనా ఆయన వాదం నుండి, కాబట్టి బౌద్ధులు క్రౌంచం విషయంలో చేయగలిగినది లేదని తేల్చడం తొందరపాటు. గూడు పక్కన చచ్చే పిల్ల కూడా ఒక ప్రాణే; దాని బాధ ఏ జాతిలెక్కా అవసరం లేకుండానే దయకు పాత్రం. ఆకలితో బయలులో తిరిగి మంచులో చచ్చే కుక్కపిల్లల బాధ కూడా అంతే. రెండు బాధలకూ మూలం ఒకటైనప్పుడు ఆ మూలాన్ని తొలగించడానికి జాతులకు విలువ కట్టవలసిన పని లేదు.

అలా చూస్తే, భారతదేశపు జనన నియంత్రణ నియమాలు చాంగ్‌థాంగ్‌లో ఎక్కడ తడబడుతున్నాయో స్పష్టమవుతుంది. పట్టిన కుక్కను చికిత్స తరువాత పట్టిన చోటే విడవాలన్నది వాటి కీలక నియమం. నగరంలో దానికి బలమైన కారణాలున్నాయి: ఖాళీ అయిన వీథిని కొత్త కుక్కలు ఆక్రమిస్తాయి. కాని పట్టిన చోటు క్రౌంచం గూడు కట్టే గడ్డి తిన్నె అయితే, విత్తు తీసిన కుక్క కూడా వేటాడుతుంది, చచ్చేదాకా వేటాడుతుంది. ఇంటర్వ్యూ దీవి ఏనుగును ఎక్కడా విడవలేని చట్టం, హాన్లే కుక్కను తప్పక అక్కడే విడవమంటున్నది. రెండింటికీ ఒకే అచ్చు సరిపోదు. గూళ్ళ కాలంలో, అంటే వసంతం చివర నుండి పిల్లలకు రెక్కలు వచ్చేదాకా, కుక్కలను చిత్తడి నేలకు దూరంగా ఊళ్ళలో ఉంచి పోషించే బాధ్యతను గోన్పాలు తీసుకోగలవా అన్నది నిజంగా అడగదగిన ప్రశ్న. తిథుల వారీగా హింసను నియంత్రించిన శాసనానికి ఋతువుల వారీ నియమం కొత్త కాదు, వర్షావాసం పాటించే సంఘానికి అసలే కొత్త కాదు.

ఇంతకంటే ముందు జరగవలసినది శిబిరాల, విడుదుల వంటశాలల వెనుక ఉన్న గుంతల విచారణ. ఎన్ని శిబిరాలు ఎంత మాంసపు వ్యర్థాన్ని ఎక్కడ పోస్తున్నాయి, దానిని మూసే ఏర్పాటు ఎవరిది, శీతకాలానికి మూతపడే విడుదులు తాము మేపిన కుక్కలను ఎవరికి అప్పగించి వెళుతున్నాయి. కుక్కుర జాతకంలో కోటకుక్కలకు మజ్జిగా దర్భా తాగించిన పరీక్షకు లద్దాఖ్‌లో సమానమైన పని ఇదే. ప్రతి ఏటా ఏప్రిల్ ప్రాంతంలో క్రౌంచాలు చాంగ్‌థాంగ్‌కు తిరిగి వస్తాయి, పర్యాటకుల విడుదులు దాదాపు అదే కాలంలో తిరిగి తెరుచుకొంటాయి.